కోడిపిల్లలకు బల్బు ఒక్కటే చాలదు: ఇంట్లో బ్రూడర్ గురించి

మీ ప్రశ్న చదివాను. ఒకరోజు వయసున్న గ్రామప్రియ (పెరటి కోళ్ల జాతి) పిల్లలు 25 తెచ్చుకున్నారు. టీవీ వచ్చిన అట్టపెట్టెలో ఊక పోసి, పైన 100 వాట్ల బల్బు వేలాడదీశారు. రాత్రంతా అరుస్తూనే ఉన్నాయి. తెల్లారేసరికి నాలుగు పిల్లలు ఒక మూలన అణిగిపోయి చచ్చి ఉన్నాయి. బల్బు ఇంకా కిందికి దించాలా, ఇంకో బల్బు పెట్టాలా, ఎన్ని వారాలు పెట్టాలి అని అడిగారు.

ఈ రాత్రికి బల్బును కిందికి దించకండి. ముందు పెట్టె మార్చి, బ్రూడర్ (తల్లికోడి లేని పిల్లల్ని వెచ్చగా ఉంచే చోటు) సరిగ్గా కట్టండి.

మూలలో అణిగిపోయి, ఒంటి మీద చెమ్మతో దొరికిన పిల్లలు చలికి నేరుగా చచ్చినవి కావు. చలి వేసో, గాలి తగిలో, కరెంటు పోయి చీకటికి బెదిరో అన్నీ ఒక చోటికి చేరతాయి. మూల ఉంటే అక్కడ ఇరుక్కుంటాయి. పైవి కిందివాటిని తొక్కుతూ ఇంకా లోపలికి దూరతాయి. కిందివాటికి ఊపిరాడదు. అందుకే పిల్లలున్న చోట మూల ఉండకూడదు. ఫారాల్లో గుండ్రంగా రేకుతో చిక్ గార్డ్ కట్టేది ఇందుకే. మీకు రేకు అక్కర్లేదు. అట్టపెట్టెలు విప్పి, ఒకటిన్నర అడుగు ఎత్తు ముక్కలుగా కోసి, ఒకదానికొకటి టేపుతో అంటించి గదిలో ఒక పక్కన గుండ్రంగా నిలబెట్టండి. మొదటి నాలుగు వారాలు పిల్లకు అర చదరపు అడుగు చోటు కావాలి. 25 పిల్లలకు 4 అడుగుల వ్యాసమున్న వలయం సరిగ్గా సరిపోతుంది. అట్ట పొడవు పన్నెండున్నర అడుగులు వస్తే చాలు.

అంత పెద్ద వలయం ఎందుకు, చిన్న పెట్టెలో అయితే వేడి నిలుస్తుంది కదా అనిపిస్తుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. తల్లికోడి వెనక తిరిగే పిల్లల్ని ఒక పూట గమనించండి. అవి రోజంతా వెచ్చగా ఉండవు. రెక్కల కింద కాసేపు దూరి ఒళ్లు కాచుకుంటాయి. తర్వాత బయటికొచ్చి చల్లగాలిలో గింజ ఏరుకుంటాయి, చలి వేయగానే మళ్లీ లోపలికి పోతాయి. ఎప్పుడు లోపలికి పోవాలో, ఎప్పుడు బయటికి రావాలో తల్లి చెప్పదు, పిల్లే తేల్చుకుంటుంది. బ్రూడర్‌లో మనం ఏర్పాటు చేయాల్సింది కూడా ఇదే. ఒక చోట బాగా వెచ్చగా ఉండాలి, ఇంకో చోట చల్లగా ఉండాలి, రెంటి మధ్యా పిల్ల తన కాళ్లతో తాను తిరగగలగాలి. చిన్న పెట్టెలో 100 వాట్ల బల్బు వేలాడితే పెట్టె మొత్తం ఒకే వేడి. అది ఎక్కువైతే పిల్ల పారిపోవడానికి చోటు లేదు, తక్కువైతే దూరడానికి చోటు లేదు. పైగా అట్ట, ఊక, పక్కనే మండుతున్న బల్బు. నిప్పు అంటుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

కాబట్టి వేడిని వలయం మధ్యలో కాకుండా ఒక పక్కకు పెట్టండి. ఒక 100 వాట్ల బల్బు బదులు రెండు 60 వాట్ల బల్బులు పక్కపక్కన పెట్టండి. ఒకటి అర్ధరాత్రి మాడిపోయినా రెండోది తెల్లారేదాకా పిల్లల్ని కాపాడుతుంది. కొట్లో అడిగేటప్పుడు పాతకాలం ఫిలమెంట్ బల్బే అని గట్టిగా చెప్పండి. ఎల్‌ఈడీ బల్బు వెలుగు ఇస్తుంది కానీ పిల్లల ఒళ్లు కాచేంత వేడి దాని నుంచి రాదు. "బల్బు వేశాం సార్, అయినా చచ్చిపోయాయి" అన్న ఇళ్లకు వెళ్లి చూస్తే 9 వాట్ల ఎల్‌ఈడీ వెలుగుతూ కనబడటం ఈ మధ్య మామూలైంది. హోల్డర్ పింగాణీది తీసుకోండి. గంటల తరబడి వెలిగే బల్బుకు ప్లాస్టిక్ హోల్డర్ మెత్తబడి బల్బు జారి ఊకలో పడుతుంది. ఆ బరువును కరెంటు వైరు మీద వేయకండి. దూలానికి ఇనుప తీగో గొలుసో కట్టి, దాని ఆధారంతో వేలాడదీయండి. బల్బు చుట్టూ చిన్న జాలీ ఉంటే ఇంకా మంచిది. బల్బుల పైన ఒక పాత అల్యూమినియం బేసినో వెడల్పాటి రేకో బోర్లిస్తే వేడి పైకి పోకుండా కిందికే వస్తుంది. కొట్లో కొనే హోవర్, అంటే బల్బుల పైన వేలాడే గొడుగులాంటి మూత, చేసే పనీ ఇదే.

ఎత్తు ఎంత అంటే, బల్బు అడుగు నుంచి ఊక దాకా ఒకటిన్నర అడుగుతో మొదలుపెట్టండి. ఇది మొదలుపెట్టడానికి మాత్రమే. మీ గది, మీ పైకప్పు, మీ ఊరి చలి నాకు తెలియవు కాబట్టి అసలు ఎత్తు ఎంతో మీ పిల్లలే చెప్పాలి. పుస్తకం లెక్క ప్రకారం మొదటి వారం బల్బు కింద 35 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. అంటే రెండో వారం 32, మూడో వారం 29, నాలుగో వారం 26. థర్మామీటర్‌ను గోడకు తగిలిస్తే ఉపయోగం లేదు, పిల్ల వీపు ఎత్తులో, అంటే ఊకకు రెండు అంగుళాల పైన చూడాలి. జ్వరం చూసే థర్మామీటర్ దీనికి పనికిరాదు. అది ఎక్కిన వేడినే చూపిస్తూ ఉంటుంది, తగ్గింది చూపదు. చేపల తొట్టెలకు వాడే, వైరు చివర చిన్న మొన ఉండే డిజిటల్ మీటర్ చాలు. ఈ 35 బల్బు కింద ఉండాల్సిన లెక్క. వలయం అవతలి అంచున 25 చూపించినా కంగారు పడకండి, అలాగే ఉండాలి.

మీటర్ కంటే నేను నమ్మేది పిల్లల పడకను. రాత్రి అవి సద్దుమణిగాక చప్పుడు చేయకుండా వెళ్లి చూడండి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి ముద్దగా ఉండి, గొంతు చించుకుని అరుస్తుంటే చలి. బల్బు నుంచి దూరంగా అట్టను ఆనుకుని, నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి ఉంటే వేడి ఎక్కువైంది. ఈ రెండూ అందరికీ తెలుసు. చాలామంది గమనించనిది మూడోది. బల్బు కిందా కాదు, చుట్టూరా అంచునా కాదు, అన్నీ ఒకే పక్కన గుంపుగా చేరితే ఎదుటి పక్క నుంచి గాలి కొడుతోందని అర్థం. తలుపు సందు, కిటికీ, గోడ అడుగున బండకు గోడకు మధ్య కంత, ఏదో ఒకటి ఉంటుంది. అక్కడ ఇంకో బల్బు పెట్టినా ఫలితం ఉండదు. కంతకు గోనెపట్టా అడ్డం పెడితే పది నిమిషాల్లో పిల్లలు సర్దుకుంటాయి. అన్నీ బాగుంటే పిల్లలు బల్బు చుట్టూ ఉంగరంలా పరుచుకుని, కొన్ని కాళ్లు చాపి, కొన్ని మెడ ఊక మీద వాల్చి పడుకుంటాయి. కొత్తవాళ్లు వాటిని చూసి చచ్చిపోయాయేమో అని భయపడతారు. ఫరవాలేదు, అది హాయిగా నిద్రపోతున్న పిల్ల. అప్పుడు గదిలో సన్నని కిచకిచ తప్ప పెద్ద గోల ఉండదు.

ఇంకో పరీక్ష ఉంది. ఒక పిల్లను చేతిలోకి తీసుకుని దాని పాదాలను మీ చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే పైన గాలి ఎంత వెచ్చగా ఉన్నా కింద నేల చల్లగా ఉందన్నమాట. సిమెంటు గచ్చు మీద, బండల మీద డిసెంబరులో ఇలాగే ఉంటుంది. ఊక పలచగా పోశారేమో చూసుకోండి. రెండు మూడు అంగుళాలు ఉండాలి, దాని కింద ఒక గోనెపట్టా పరిస్తే ఇంకా మంచిది. పిల్లలు రావడానికి నాలుగైదు గంటల ముందే బల్బులు వేసి ఊకను వెచ్చబెట్టి ఉంచాలి. ఈసారికి సరే, మళ్లీ తెచ్చేటప్పుడు గుర్తుంచుకోండి. పిల్లలు వచ్చాక బల్బు వేస్తే గాలి అయితే వేడెక్కుతుంది కానీ ఊక, నేల వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది.

ఊక విషయంలో వరి ఊకే మేలు. వేరుశనగ పొట్టు కూడా పనికొస్తుంది. సన్నని రంపపు పొట్టును చిన్న పిల్లలు మేత అనుకుని తింటాయి కాబట్టి మొదటి వారం వద్దు. మొదటి రెండు మూడు రోజులు ఊక మీద కాగితం పరిచి, దాని మీద మేత చల్లితే పిల్లలు తొందరగా తినడం నేర్చుకుంటాయి. కానీ నున్నటి కాగితం మీద కాళ్లు పక్కలకు జారి, కొన్ని పిల్లలు జన్మంతా అలాగే కుంటివైపోతాయి. గరుకు కాగితమే వాడండి, మూడో రోజుకల్లా తీసేయండి.

వలయంలో నీళ్లు, మేత బల్బుకు సరిగ్గా కింద పెట్టకండి. వెచ్చటి చోటుకు, చల్లటి చోటుకు మధ్య అంచున పెట్టండి. బల్బు కింద నీళ్లు వేడెక్కితే తాగవు, బాగా దూరంగా పెడితే చలికి అక్కడిదాకా పోవు. ప్రయాణం చేసి వచ్చిన పిల్లలకు ముందు నీళ్లు, తర్వాతే మేత. గోరువెచ్చటి నీళ్లలో కాస్త బెల్లం కలిపి మొదటి కొన్ని గంటలు ఇవ్వండి. ప్రతి పిల్ల ముక్కునూ ఒక్కసారి నీళ్లలో ముంచి వదిలితే తాగడం దానికదే నేర్చుకుంటుంది. పుట్టిన పిల్ల కడుపులో గుడ్డు సొన రెండు మూడు రోజులకు సరిపడా మిగిలి ఉంటుంది. అందుకే హేచరీ (గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మే చోటు) నుంచి బస్సులో అంత దూరం తట్టుకుని రాగలుగుతుంది. అలాగని ఆలస్యం చేయకూడదు. పళ్లెంలో నీళ్లు పోస్తే గులకరాళ్లు పరవండి, లేకపోతే పిల్లలు అందులోకి దిగి తడుస్తాయి. ఒంటి మీది మెత్తటి నూగు తడిస్తే చలిని అస్సలు ఆపదు. బల్బు ఎంత వెలుగుతున్నా తడిసిన పిల్ల గంటలో వాలిపోతుంది. ట్యాంకులోంచి పొద్దున్నే పట్టిన చల్లటి నీళ్లూ వద్దు.

మేత గురించి ఎక్కువ చెప్పను. మొదటి రెండు రోజులు మొక్కజొన్న నూక గానీ, బియ్యపు నూకలు గానీ చల్లినా ఫరవాలేదు కానీ ఆ తర్వాత చిక్ స్టార్టర్ (చిన్న పిల్లల కోసం తయారుచేసి అమ్మే) మేత తప్పనిసరి. నూకల్లో మాంసకృత్తులు చాలవు, ఈకలు ఆలస్యంగా వస్తాయి. ఈకలు ఆలస్యమైతే బల్బు కూడా ఇంకో రెండు వారాలు వెలగాలి. మేత మీద మిగిల్చింది కరెంటు బిల్లులో పోతుంది.

ఇక కరెంటు. మీది పల్లె అన్నారు కాబట్టి దీన్ని అన్నిటికన్నా గట్టిగా చెప్తున్నాను. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఈ రెండు బల్బులకు అందులోంచి ఒక లైను ఇవ్వండి. టీవీ ఆగినా నష్టం లేదు. ఇన్వర్టర్ లేకపోతే మూడు నాలుగు నీళ్ల సీసాలు సిద్ధంగా ఉంచుకోండి. స్టీలువి అయితే మంచిది. వేడి నీళ్లు పోసి, పాత గుడ్డ చుట్టి, ఊకలో సగం దాకా పాతిపెట్టండి. పిల్లలు వాటికి ఆనుకుని పడుకుంటాయి. పైన గంప బోర్లించి, గంప మీద పాత దుప్పటి కప్పి, ఒక పక్కన గాలి ఆడేలా జానెడు వదలండి. గంటన్నర, రెండు గంటలకోసారి నీళ్లు మారుస్తుంటే రాత్రంతా గడిచిపోతుంది.

బొగ్గుల కుంపటి గురించి ఎవరో ఒకరు మీకు చెప్తారు. ఊళ్లో పెద్దవాళ్లు వాడతారు, నిజమే. కానీ వాళ్లు వాడింది తలుపుల్లేని పాకల్లో, నాలుగు పక్కలా గాలి ఆడే కొట్టాల్లో. తలుపులు వేసిన సిమెంటు గదిలో బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. దానికి వాసన ఉండదు, పొగ కనపడదు. పిల్లలే కాదు, ఆ గదిలో కాపలా పడుకున్న మనిషి కూడా లేవడు. దయచేసి మూసిన గదిలో కుంపటి పెట్టకండి. దోమల చుట్ట కూడా ఆ గదిలో వద్దు. పిల్లల ఊపిరితిత్తులు ఆ పొగకు తట్టుకోవు. వలయం మీద దోమతెర కప్పితే దోమల బాధా ఉండదు, పిల్లి భయం కూడా కొంత తగ్గుతుంది. బల్బుకు మాత్రం తెర తగలకుండా చూసుకోండి.

పిల్లి అంటే గుర్తొచ్చింది, పల్లెటూరి ఇంట్లో అంతకంటే పెద్ద ముప్పు పందికొక్కు. గోడ కింద బొరియ చేసుకుని వచ్చి, చప్పుడు లేకుండా ఒక్కొక్క పిల్లనే ఈడ్చుకుపోతుంది. పొద్దున లెక్క తగ్గి, కళేబరం కనపడకపోతే అనుమానించాల్సింది దాన్నే. గచ్చు లేని గదిలో పిల్లల్ని పెట్టకండి. తప్పనిసరైతే నేల మీద అర అంగుళం కన్నుల ఇనుప జాలీ పరిచి దాని మీద ఊక పోయండి.

వెలుతురు గురించి ఒక మాట. ఫిలమెంట్ బల్బుతో వేడీ వెలుగూ కలిసే వస్తాయి కాబట్టి పిల్లలకు చీకటంటే ఏమిటో తెలియదు. ఒక్కసారిగా కరెంటు పోతే బెదిరి గుంపుగా పడతాయి. మీ నాలుగు పిల్లలూ అలాగే పోయి ఉండొచ్చు. నాలుగైదు రోజులయ్యాక, గది వెచ్చగా ఉన్న సాయంత్రం పూట, మీరు పక్కన ఉండగా ఒక పావుగంట, అరగంట బల్బులు ఆర్పుతూ ఉండండి. నాలుగు రోజుల్లో అలవాటు పడతాయి. పిల్లలు ఒకదాన్నొకటి పొడుచుకోవడం మొదలుపెడితే తెల్ల బల్బు తీసి ఎర్ర బల్బు వేయండి. ఆ వెలుగులో నెత్తురు కనపడదు, పొడుచుకోవడం తగ్గుతుంది.

పిల్లల వెనక రెట్ట గట్టిపడి అంటుకుపోవడం ఈ మొదటి రోజుల్లోనే ఎక్కువ చూస్తారు. ప్రయాణం బడలిక, చలి, అతి వేడి, మూడింటిలో ఏదైనా దీనికి కారణం కావచ్చు. అలాగే వదిలేస్తే దారి మూసుకుపోయి పిల్ల చనిపోతుంది. గోరువెచ్చటి నీళ్లలో దూది ముంచి, మెత్తబడేదాకా తడిపి, నిదానంగా తుడవండి. లాగితే చర్మం ఊడొస్తుంది. తుడిచాక ఒళ్లు పూర్తిగా ఆరే వరకు బల్బు కింద ఉంచి, తర్వాతే గుంపులో వదలండి. బొడ్డు దగ్గర ఎర్రగా వాచి, పొట్ట మెత్తగా నీరు పట్టినట్టున్న పిల్లలు మాత్రం హేచరీ నుంచే ఇన్ఫెక్షన్‌తో వచ్చినవి. మొదటి మూడు నాలుగు రోజుల్లో పోతాయి, మీ వేడికి వాటికి సంబంధం లేదు. వాటిని మిగతావాటి నుంచి వేరు చేయండి.

అయిదు నుంచి ఏడు రోజుల మధ్య కొక్కెర తెగులుకు లసోటా టీకా చుక్క పడాలి. కంట్లో గానీ ముక్కులో గానీ ఒక్క చుక్క. 14వ రోజు ప్రాంతంలో గంబోరో అనే ఇంకో తెగులుకు టీకా. మీ పశువుల ఆసుపత్రిలో అడగండి. బుడ్డి ఒకటి విప్పితే వందల కోళ్లకు సరిపోతుంది కాబట్టి వీధిలో కోళ్లున్న నలుగురూ ఒకే రోజు పెట్టుకుంటే అందరికీ కలిసొస్తుంది. టీకా వేసిన ఆ రోజు రాత్రి బల్బులు ఒక రెండు అంగుళాలు దించండి, పిల్లలు కాస్త నీరసంగా ఉంటాయి.

ఎన్ని వారాలు అన్న ప్రశ్నకు క్యాలెండర్ చూసి జవాబు చెప్పలేం, పిల్ల వీపు చూడాలి. మొదట రెక్కల ఈకలు వస్తాయి, వాటిని చూసి తొందరపడకండి. వీపు మీద, రొమ్ము మీద నూగు పోయి ఈక పరుచుకున్నాకే పిల్ల తన వేడిని తాను నిలుపుకోగలదు. చలికాలంలో గ్రామప్రియ, వనరాజా పిల్లలకు నాలుగు వారాలు, ఒక్కోసారి అయిదు పడుతుంది. లంబసింగి, అరకు, ఆదిలాబాద్ లాంటి చోట్ల ఇంకాస్త ఎక్కువే అనుకోండి. మధ్యలో వారానికోసారి బల్బును మూడు నాలుగు అంగుళాలు పైకి లేపుతూ, వలయాన్ని కాస్త విప్పి పెద్దది చేస్తూ రండి. మూడో వారం నుంచి ఎండ బాగా ఎక్కాక పగలు ఆర్పేయండి, రాత్రి మాత్రమే వేయండి. తర్వాత 60 బదులు 40, ఆ తర్వాత 15 వాట్లు. పూర్తిగా ఆర్పిన మొదటి రెండు మూడు రాత్రులు ఒకసారి లేచి చూడండి. గుంపుగా పడి అరుస్తుంటే ఇంకో వారం వెలగనివ్వండి.

ఇదే పని ఏప్రిల్, మే నెలల్లో చేసేవాళ్ల కోసం కూడా రాస్తున్నాను, ఎందుకంటే వేసవి పిల్లలు ఎక్కువగా వేడికే పోతాయి. రెంటచింతలలో, రామగుండంలో మధ్యాహ్నం రేకుల షెడ్డులో 40 దాటి ఉంటే, మొదటి వారమని బల్బు వెలిగించడం పిల్లల్ని చంపడమే. గదిలోనే 35 ఉంటే బల్బు పని అయిపోయినట్టే. పగలు ఆర్పి, కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టి, నీళ్ల పళ్లేలు రెట్టింపు చేయండి. తెల్లవారుజామున చల్లబడే ఆ మూడు నాలుగు గంటలకు మాత్రం బల్బు కావాలి. వానాకాలంలో సమస్య వేడి కన్నా తడి. ఊక చెమ్మగిల్లి ముద్దకడితే మూడో వారం తర్వాత రక్తపారుడు వస్తుంది. రోజూ ఊకను చేత్తో తిరగేసి, తడిసిన చోట తీసి కొత్తది పోయండి. వంగి ముక్కు దగ్గర పెట్టి చూస్తే కళ్లు మండించే ఘాటు వాసన వస్తుంటే గాలి చాలడం లేదు. చలి అని కిటికీలన్నీ మూయకండి. పిల్లల ఎత్తులో గాలి తగలకూడదు కానీ పైన, వాటి తల మీదుగా గాలి ఆడుతూనే ఉండాలి.

మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ పొదుగు మీదున్న నాటు కోడి ఉంటే ఇంత శ్రమ అక్కర్లేదు. ఒకరోజు, రెండురోజుల పిల్లల్ని రాత్రి చీకట్లో దాని కింద ఒక్కొక్కటిగా సర్దితే, చాలావరకు తెల్లారేసరికి తనవే అనుకుని పెంచుతుంది. పది పన్నెండు దాకా ఒక కోడి చూసుకోగలదు. పొద్దున్నే పొడుస్తుందేమో దగ్గరుండి చూడండి. మీ పిల్లలకు ఇప్పటికే రోజులు గడిచాయి కాబట్టి కోడి ఒప్పుకోకపోవచ్చు, ఈసారి బల్బుతోనే కానివ్వండి.

ఈ సాయంత్రం వలయం కట్టి, రెండు బల్బులు ఒక పక్కన పెట్టి, రాత్రి పదకొండుకు ఒకసారి, తెల్లవారుజామున నాలుగింటికి ఒకసారి పిల్లలు ఎలా పడుకున్నాయో చూడండి. వీలైతే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. బల్బు పైకి లేపాలో కిందికి దించాలో దాన్ని చూస్తే చెప్పగలను.